కనుమనాడు బొజ్జన్నకొండ

కనుమనాడు కాకి కూడా కదలదని పెద్దల మాట. మా కొత్తవలస ప్రాంతంలో మాత్రం ఆ రోజు ఇంట ఉండేవారే తక్కువ. పండుగకు ఇళ్లకు చేరిన బిడ్డలు కొందరు అరకు రైలెక్కుతారు, కొందరు భీమిలి సముద్రానికి పోతారు. ఈసారి మేము మా సంఘ యౌవనస్థులను, సండేస్కూలు పిల్లలను వెంటబెట్టుకొని అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండకు వెళ్లదలచాము. సంఘ పెద్ద ఒకరికి అది నచ్చలేదు. "ఏటండయ్యగారూ, బౌద్ధుల కొండతో మనకేటి పని? పిల్లలకి ఏటి నేర్పుదుమని?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే.

పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి చేరితే, అక్కడినుండి ఆటోకు కొద్ది దూరమే. పచ్చని పొలాల నడుమ రెండు కొండలు పక్కపక్కనే ఉంటాయి. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. భిక్షువులు కలిసి నివసించే చోటును సంఘారామం అంటారు. ఆ మాటే జనం నోట శంకరం అయిందనీ, బుద్ధుడే బొజ్జన్న అయ్యాడనీ చెబుతారు. ఊరిపేరులో ఇంత చరిత్ర దాగివుంటుందని పిల్లలు అనుకోలేదు. తిరుగు ప్రయాణంలో ప్రతి ఊరి పేరూ అడుగుతూ మమ్మల్ని విసిగించారు.

మెట్లెక్కి పైకి పోతే రాతిలో తొలిచిన గుహలు ఎదురవుతాయి. ద్వారానికి ఇరుప్రక్కల ద్వారపాలకులు, లోపల స్తంభాలు, వాటి మధ్య ఒక స్తూపం. ఇవేవీ బయటినుండి తెచ్చి నిలిపినవి కావు. అక్కరలేని రాయిని ఉలితో తీసివేయగా మిగిలిన కొండే అది. మాతో వచ్చిన తాపీ మేస్త్రీ ఒకాయన ఆ స్తంభాన్ని చేతితో తడిమి చాలాసేపు మాట్లాడలేదు. కొండపైన ఇటుకలతో కట్టిన స్తూపం ఆనవాళ్లున్నాయి. లింగాలకొండ మీద చిన్నా పెద్దా రాతి స్తూపాలు వరుసలుగా ఉంటాయి. లింగాలవలె కనబడుటచేతనే ఆ పేరు వచ్చింది.

1906-08 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ అనే దొర ఇక్కడ త్రవ్వకాలు జరిపించారు. మట్టిపాత్రలు, ముద్రలు, నాణేలు దొరికాయి. వాటిలో గుప్త చక్రవర్తి సముద్రగుప్తుని బంగారు నాణెం కూడా ఉంది. సుమారు క్రీ.శ. 4వ శతాబ్దం నుండి 9వ శతాబ్దం వరకు ఇక్కడ భిక్షువులు నివసించారని పండితుల అంచనా.

ఇక మేము అసలు చెప్పదలచినది. కనుమనాడు చుట్టుప్రక్కల పల్లెలవారు ఇక్కడికి తీర్థంలా తరలివస్తారు. బొజ్జవలె ఉబ్బిన ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడని నమ్మి, దానిమీద రాళ్లు రువ్వే ఆచారం చాలాకాలం నడిచింది. ఎవరూ పగతో చేసింది కాదు. తాత విసిరాడు, తండ్రి విసిరాడు, కొడుకూ విసిరాడు. ఇన్‌టాక్ అనే వారసత్వ సంరక్షణ సంస్థవారు వచ్చి, అది రాక్షసుడు కాదు, బౌద్ధుల కట్టడమని జనానికి నచ్చజెప్పి మాన్పించ పూనుకున్నారు. చట్టం కూడా ఊరుకోదు. కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోని కట్టడాన్ని పాడుచేస్తే, 2010 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

ఇది విని మా కుర్రవాడొకడు, "మన దేవుడు కాదు గదా, రాయి ఇసిరితే మనకేటి పాపం?" అన్నాడు. అక్కడే మెట్లమీద కూర్చుండి అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తెరిచాము. పౌలు ఏథెన్సులో విగ్రహాలను చూచి మనస్సులో కలత చెందాడు. అయినా ఆ ఊరంతా తిరిగి, వారి బలిపీఠం మీది వ్రాత కూడా చదివాడు. తరువాత నోటితో మాట్లాడాడేగాని, చేత రాయి పట్టలేదు. భీమిలిలో డచ్చివారి పాత సమాధులున్నాయి. వాటిని ఎవరైనా పగులగొడితే మన ప్రాణం ఎంత విలవిలలాడుతుందో ఆ కుర్రవానినే చెప్పమన్నాము. వాడు తల వంచుకొని, గుహగోడ మీద ఎవరో బొగ్గుతో గీసిన పేర్లను చూపించి, "అయితే ఇదీ రాయి ఇసిరినట్టేనా అయ్యగారూ?" అన్నాడు. ఔనన్నాము.

వెళ్లదలచినవారు ఉదయాన్నే బయలుదేరండి. రాయి వేడెక్కితే పిల్లలు నిలువలేరు. మంచినీళ్లు, గారెలు మూటగట్టుకొని పోండి, విస్తళ్లు మాత్రం తిరిగి తెచ్చుకోండి. అంతదూరం పోలేనివారికి విజయనగరం అవతల రామతీర్థం ఉంది. అక్కడ గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు, దుర్గకొండ మీద జైనుల శిల్పాలు చూడవచ్చు. మేము వచ్చే కనుమకు శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డునున్న సాలిహుండం అనుకుంటున్నాము. 1919లో దానిని వెలుగులోకి తెచ్చినది గిడుగు రామమూర్తి పంతులుగారే. వాడుకభాష కోసం పోరాడి, సవరల భాషకు వ్యాకరణం వ్రాసిన పంతులుగారే ఈయన. ఈసారి అడ్డు చెప్పిన పెద్దాయన తన పేరు కూడా వ్రాసుకొమ్మన్నారు.