అభ్యర్థి - ఉమ్మీద్‌వార్

ఎన్నికలలో పోటీ చేయువానిని తెలుగులో ‘అభ్యర్థి’ అందుము. ఉర్దూలో ‘ఉమ్మీద్‌వార్’ అందుము. మొదటి మాటకు వేడుకొనువాడని అర్థము. రెండవ మాటకు ఆశ గలవాడని అర్థము. రెండు భాషలు ఒకే వరండాలో వినిపించు మన కళాశాలలో ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నిలిపి చూచు అవకాశము ఒక విద్యార్థి మాకు కల్పించినాడు.

అది ప్రజాస్వామ్యమును గూర్చిన వ్యాసపాఠము. వెనుక బెంచీ నుండి ఒక విద్యార్థి లేచి ఇట్లు అడిగినాడు: “సార్, 2019ల మా బాపు లోక్‌సభకు నిలబడ్డడు. డిపాజిట్ పోయింది. ఊర్ల ఇప్పటికీ నవ్వుతరు. గెలువనని తెలిసి కూడా ఎందుకు నిలబడ్డట్టు?” తరగతిలో కొందరు నవ్విరి. అతడు మాత్రము నవ్వలేదు. గంట మ్రోగుటచే ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న నవ్వి విడువదగినది కాదని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా నియమములు చూతము. లోక్‌సభకు పోటీ చేయదలచినవాడు భారత పౌరుడై, 25 సంవత్సరములు నిండినవాడై, ఓటర్ల జాబితాలో పేరు కలవాడై యుండవలెను. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి పేరును ఒక్క ఓటరు ప్రతిపాదించిన చాలును. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావలెను. ధరావతు సొమ్ము నేడు 25,000 రూపాయలు. షెడ్యూల్డు కులములు, తెగల అభ్యర్థులకు అందు సగము. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరవ వంతుకు మించి రానిచో, ఓడిన అభ్యర్థి ధరావతు ప్రభుత్వపరమగును. చదువు, ఆస్తి, వంశము - వీనిని చట్టము అడుగదు.

ద్వారము ఇంత విశాలముగా నున్నను, లోపలికి చేరువారు కొందరే. మరి తొలిసారి నిలుచు సామాన్యుడు ఏమి ఆశించి అటు నడచును? పేరు కొరకు నిలుచువారు కలరు. ఎదుటివాని ఓట్లు చీల్చుటకు ఇతరులచే నిలుపబడువారును కలరు. ఇది దాచవలసిన మాట కాదు. వీరు గాక మూడవ రకమువారు కలరు. తమ బాధను ఏ కార్యాలయమును వినని స్థితిలో, నామినేషను పత్రమునే అర్జీగా మార్చుకొనువారు వారు. మన తెలుగు నేలపై వీరికి రెండు గొప్ప నిదర్శనములు కలవు.

మొదటిది నల్లగొండ. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికలలో రావి నారాయణరెడ్డి గారికి దేశములోకెల్ల అత్యధికముగా ఓట్లు వేసి పంపిన నియోజకవర్గమది. ఆ జిల్లా గ్రామములలో భూగర్భజలమున ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీరే త్రాగి పెరిగిన పిల్లల పండ్లు పసుపు బారినవి. పెద్దల ఎముకలు వంకరలు పోయినవి. యౌవనముననే నడుములు వంగిపోయినవి. ఏండ్ల తరబడి విన్నపములు చేసినను సురక్షితమైన నీరు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో ఆ ఒక్క స్థానమునకు 480 మంది పోటీలో నిలిచినారు. జలసాధన సమితి పిలుపు విని ముందుకు వచ్చినవారే వారిలో అత్యధికులు. బ్యాలెట్టు పత్రము పుస్తకమంత అయినది. పోలింగు వాయిదా పడినది. సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచినారు. తక్కినవారిలో దాదాపు అందరి డిపాజిట్లును పోయినవి. అయినను నల్లగొండ నీటి కథ దేశమంతయు విన్నది.

ప్రభుత్వము కూడ వేరొక విధముగా విన్నది. 1951 చట్టము నాటి నుండి 500 రూపాయలుగా నున్న ధరావతును అదే సంవత్సరము 10,000 రూపాయలకు పెంచినారు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకుల నియమమును చేర్చినారు. ఎన్నికల నిర్వహణ అసాధ్యము కాకూడదను వాదములో న్యాయము కలదు. కాని రుసుము పెంచుటచే నీటిలోని ఫ్లోరైడు తగ్గదు గదా!

రెండవది నిజామాబాదు. పసుపు పంట భూమిలో ఎనిమిది తొమ్మిది నెలలుండును. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి మార్కెట్టుకు తెచ్చినవానికి అక్కడి ధర పెట్టుబడికే చాలనినాడు అతని గతి యేమి? పొగాకుకు గుంటూరు కేంద్రముగా ప్రత్యేక బోర్డు కలదు. పసుపుకు మాత్రము 2019 నాటికి అనేక సుగంధ ద్రవ్యములతోపాటు స్పైసెస్ బోర్డే దిక్కుగా నుండెను. ప్రత్యేక బోర్డు కావలెనని, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావలెనని రైతులు 2019 ఆరంభమున రోడ్డెక్కినారు. పిమ్మట లోక్‌సభకు నామినేషన్లు వేసినారు.

శాసనసభకు గాక లోక్‌సభకే ఏల? బోర్డు నెలకొల్పు అధికారము కేంద్రమునది కనుక. తాము అడుగవలసిన తలుపు ఏదియో ఆ రైతులు చక్కగా గుర్తించినారు. 2019 ఏప్రిల్ 11న జరిగిన పోలింగులో 185 మంది అభ్యర్థులుండగా, వారిలో 178 మంది రైతులు. ప్రతి పోలింగు కేంద్రమునను పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చవలసి వచ్చినది. ఆ వరుసలో తమవాని గుర్తును వెదకుకొనుట ముసలివారికి ఎంత కష్టమైనదో ఊహింపవచ్చును. రైతులలో ఎవరును గెలువలేదు. సిట్టింగు సభ్యురాలు ఓడి, పసుపు బోర్డు తెత్తునని బాండు కాగితముపై వ్రాసి యిచ్చిన అభ్యర్థి గెలిచినారు. నాలుగేండ్లకు పైగా గడచిన పిదప, 2023 అక్టోబరులో కేంద్రము జాతీయ పసుపు బోర్డును ప్రకటించినది. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా అది ప్రారంభమైనది.

ఆ 178 నామినేషన్లే బోర్డును తెచ్చినవని మేము చెప్పము. పార్టీల లెక్కలు, ఎన్నికల ఋతువులు, పూర్వపు ఉద్యమములు - అన్నియు అందులో కలసియున్నవి. బోర్డు వచ్చినంత మాత్రమున ధర నిలుచునని కూడ చెప్పజాలము. కాని ఆ ఎన్నికలో పసుపును గూర్చి మాటాడక ఏ పార్టీయు ఓటు అడుగలేకపోయినది. ఓడిన అభ్యర్థులు సాధించినది అది.

కనుక ఆ విద్యార్థికి మా సమాధానమిది. గెలుపు ఒక్కటే లక్ష్యమైనచో మీ తండ్రి లెక్క తప్పినట్లే. వినిపించుటయే లక్ష్యమైనచో తప్పలేదు. ఆయన పోగొట్టుకొన్న సొమ్ము చిన్నది కాదు. రైతు ఇంట ఆ సొమ్మునకు ఎరువు వచ్చును, పిల్లల ఫీజు తీరును. దానిని తెలిసియే చెల్లించినవానిని చూచి నవ్వుట మనకు తగదు. ఆనాడు తరగతిలో నవ్వినవారిని వెంటనే మందలింపనందుకు మేమును సిగ్గుపడుచున్నాము.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకు పదునెనిమిదేండ్లకు ఓటు, ఇరువదియైదేండ్లకు పోటీ చేయు హక్కు వచ్చును. మీ యింటి ముందునకు ముక్కు మొగము తెలియని కొత్త అభ్యర్థి వచ్చినపుడు, గెలుచునా అని మాత్రమే అడుగక, ఎందుకు నిలబడితివని కూడ అడుగుడు. అతని సమాధానములో మీ ఊరి నీరు, మీ ఊరి పంట, మీ వీధి బడి వినిపించినచో రెండు నిమిషములు నిలిచి వినుడు. ఓటు ఎవరికి వేయుదురనునది మీ యిష్టము.

ప్రశ్న అడిగిన విద్యార్థికి ఒక్క కోరిక. ఈ సంచికను ఇంటికి తీసికొనిపోయి, ఈ పుటలను మీ బాపుకు చదివి వినిపింపుము. మేము తప్పు వ్రాసినచో ఆయన చెప్పిన దిద్దుబాటును తరగతికి తెమ్ము.