మోకరిల్లితే సరిపోదు
పరాయివారి పాపానికి తలవంచడం తేలిక. సొంత తప్పు ఒప్పుకోవడం దగ్గరే మతాధిపతులకు సైతం అసలు పరీక్ష

2019 సెప్టెంబర్ 10. అమృత్‌సర్‌లోని జలియన్‌వాలాబాగ్. ఇంగ్లండ్ చర్చిలో అత్యున్నత మతగురువు, క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ స్మారకం ఎదుట నేల మీద సాష్టాంగపడ్డారు. 1919 ఏప్రిల్ 13న జనరల్ డయ్యర్ నిరాయుధుల మీద కాల్పులు జరిపించిన చోటు అది. నాటి ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. బ్రిటిష్ ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం తనకు లేదని, కానీ క్రీస్తు పేరిట సిగ్గుపడుతున్నానని వెల్బీ చెప్పారు. అంతకు 5 నెలల ముందు నాటి ప్రధాని థెరిసా మే పార్లమెంటులో విచారం వెలిబుచ్చి అక్కడితో ఆగిపోయారు. అందుకే ఆ సాష్టాంగం ఎందరి మనసులనో తాకింది.

ఐదేళ్లు తిరిగాయి. ఈసారి తప్పు వందేళ్ల కిందటిది కాదు, మరొకరిదీ కాదు. క్రైస్తవ శిబిరాల ద్వారా పరిచయమైన వందమందికి పైగా బాలురను, యువకులను జాన్ స్మైత్ అనే న్యాయవాది క్రూరంగా హింసించాడు. ఆ సంగతి 2013లోనే చర్చి పెద్దల దృష్టికి వచ్చింది. అప్పుడే పోలీసులకు గట్టిగా ఫిర్యాదు చేసి ఉంటే అతణ్ని చట్టం ముందు నిలబెట్టే అవకాశం ఉండేదని 2024 నవంబర్‌లో వెలువడిన స్వతంత్ర సమీక్ష తేల్చింది. స్మైత్ శిక్ష పడకుండానే 2018లో మరణించాడు. వెల్బీ క్షమాపణ చెప్పారు గానీ పదవి వీడనన్నారు. ఒత్తిడి పెరిగాక నవంబర్ 12న రాజీనామా ప్రకటించారు. డిసెంబర్‌లో ప్రభువుల సభలో చేసిన వీడ్కోలు ప్రసంగంలో చతురోక్తులు విసరడంతో బాధితులు మండిపడ్డారు. మర్నాడు మళ్లీ క్షమాపణ. అమృత్‌సర్‌లో అంత సులువుగా వంగిన వ్యక్తికి సొంత ఇంట్లో వంగడం కష్టమైంది.

ఇది ఒక్క మనిషి బలహీనత కాదు. క్రైస్తవం మొదటి నుంచీ ఈ చిక్కును ఎరుగును. తెలుగు బైబిల్ వాడే 'మారుమనస్సు' అన్న మాటలోనే గుట్టంతా ఉంది. నోటి మాట కాదు, మనసు మారాలి. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడికి, సోదరుడికి తనపై ఫిర్యాదు ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు అతనితో సమాధానపడి రావాలని మత్తయి సువార్త చెబుతుంది. అంటే దేవుడి ముందు మోకరిల్లినా బాధితుడి గడప తొక్కక తప్పదు. కతోలికుల పాప సంకీర్తనంలోనూ పశ్చాత్తాపం, ఒప్పుకోలుతో పని ముగియదు. ప్రాయశ్చిత్తమూ ఉంటుంది. 'ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే' అంటూ మొదలయ్యే మన నేతల క్షమాపణలకు అందులో చోటు లేదు.

ఆ గడప తొక్కిన ఉదాహరణ కూడా ఇటీవలి చరిత్రలోనే ఉంది. చిలీలో ఒక మతగురువు లైంగిక అకృత్యాలను బిషప్ హువాన్ బారోస్ కప్పిపుచ్చారన్న ఆరోపణలను 2018 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ అపనిందలని కొట్టిపారేశారు. విమర్శలు రావడంతో విచారణకు దూతను పంపారు. ఏప్రిల్‌లో చిలీ బిషప్‌లకు లేఖ రాస్తూ, అంచనాలో తీవ్రంగా పొరబడ్డానని ఒప్పుకున్నారు. ముగ్గురు బాధితులను వాటికన్‌కు పిలిపించి, వారు చెప్పింది విని, క్షమాపణ కోరారు. జూన్‌లో బారోస్ రాజీనామాను ఆమోదించారు. అయితే ఆ బాధితులు అప్పటికి ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నారన్నదీ నిజమే.

భారతీయ చర్చికీ ఇలాంటి సొంత బాకీ ఒకటి ఉంది. అది కులం. తమిళనాడులో కొన్నిచోట్ల క్రైస్తవ శ్మశానాలను సైతం కులం గోడ కట్టి విడదీసింది. 2016 డిసెంబర్‌లో కతోలిక బిషప్‌ల సమాఖ్య దళితుల సాధికారత విధానం ప్రకటిస్తూ, చర్చిలోనూ అంటరానితనం ఉందని అంగీకరించింది. దేశంలోని 1.9 కోట్ల కతోలికుల్లో 1.2 కోట్ల మంది దళితులే అయినా 171 మంది బిషప్‌లలో దళితులు 12 మందేనని ఆ పత్రమే చెప్పింది. కర్నూలు జిల్లాలో పుట్టిన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022 ఆగస్టు 27న తొలి దళిత కార్డినల్ అయ్యారు. అది చెప్పుకోదగ్గ అడుగే. అయితే ఒక్క ఎర్రటోపీతో బాకీ తీరిపోదు.

లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య కథ సండే స్కూలు పిల్లలకు సైతం తెలుసు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ వచ్చిందన్న మాట అతని ఇంట వినిపించింది ఆ లెక్క చెప్పాకే. క్షమాపణ నిజమైనదో కాదో తేల్చే గీటురాయి అదే. చెప్పినవాడికి ఎంత ఖర్చయింది? పడినవాడికి ఎంత తిరిగొచ్చింది?