టైమింగ్ చైను ఎంపిక

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు చెల్కనేలల్లో పాలు, కూరగాయలు అంగడికి చేర్చే ఎందరో చిన్నరైతులకు మోటారు సైకిలే ఆధారం. దాని ఇంజను బోరుకు వచ్చి విప్పించినప్పుడు టైమింగ్ చైను విషయంలో జాగ్రత్త వహించాలి.

చక్రాన్ని తిప్పే చైను బయటికి కనబడుతుంది. టైమింగ్ చైను ఇంజను లోపల ఉంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు షాఫ్టు 2 చుట్లు తిరిగేసరికి క్యాము షాఫ్టు 1 చుట్టు తిరగాలి. ఆ లయను నిలిపేది ఈ చైనే. పిన్నులు, బుష్‌లు అరిగేకొద్దీ చైను సాగి, వాల్వులు తెరుచుకొనే వేళ తప్పుతుంది. చైను పళ్లు దాటితే కొన్ని ఇంజన్లలో పిస్టను తగిలి వాల్వులు వంగిపోతాయి.

పాత చైను సాగి ఉంటుంది కనుక దాని పొడవును కొలమానంగా తీసుకోరాదు. ఆ మోడలుకు తయారీదారు నిర్దేశించిన లింకుల సంఖ్యను, వెడల్పును చూడాలి. అరిగిన స్ప్రాకెట్లపై వేసిన కొత్త చైను త్వరగా అరుగుతుంది. అందువల్ల స్ప్రాకెట్లను, గైడును, టెన్షనరును పరీక్షించి, అరిగినవాటిని చైనుతోపాటే మార్చాలి. గుర్తులు కలిపి బిగించిన పిదప, స్టార్టు చేయకముందే క్రాంకును చేతితో 2 చుట్లు తిప్పి, గుర్తులు తిరిగి కలిసినవో లేవో చూడాలి.

చైను ఖరీదులో కొంత మిగుల్చుకోబోయి ఇంజనును మళ్లీ విప్పించే కూలి చెల్లించడం పొదుపు అనిపించుకోదు.