వైర్‌లెస్ కంట్రోలర్: గాలి నుంచి తీగలోకి దిగే చోటు

వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణాన్ని ఐఈఈఈ సంస్థ 1997లో వెలువరించినప్పుడు, తీగ మీద వచ్చిన సమాచారాన్ని రేడియో తరంగాలుగా మార్చి అందించే యాక్సెస్ పాయింట్‌కు అందులో చోటు దక్కింది గాని, అలాంటి పెట్టెలను మూకుమ్మడిగా నడిపించే కంట్రోలర్ అనే యంత్రం అప్పటికి పుట్టలేదు. ప్రతి యాక్సెస్ పాయింటూ తన పేరు, సంకేతపదం, ఛానల్, ప్రసార శక్తి వంటి అమరికలన్నిటినీ తనలోనే దాచుకునేది కనుక, ఆసుపత్రులూ విశ్వవిద్యాలయాలూ వాటిని వందల కొద్దీ బిగించుకున్న తరువాత ఒక్క సంకేతపదం మార్చాలన్నా ప్రతి పెట్టెలోకీ విడివిడిగా ప్రవేశించవలసి వచ్చింది.

ఈ భారాన్ని దించడానికి 2000 దశకపు తొలి ఏళ్లలో సింబల్, ఎయిర్‌స్పేస్, అరుబా, చాంట్రీ వంటి సంస్థలు పనిని రెండుగా పంచాయి. 802.11బి పద్ధతిలో ఫ్రేమ్, అంటే సమాచారపు మూట, అందిన 10 మైక్రోసెకన్లకే అందినట్టు బదులు పంపాలి. అంత తొందర పని దూరాన ఉన్న యంత్రానికి అప్పగించడం కుదరదు గనుక దాన్ని యాక్సెస్ పాయింట్‌కే వదిలి, ఎవరిని లోనికి రానివ్వాలి, ఏ పెట్టె ఏ ఛానల్‌లో మాట్లాడాలి వంటి నిదానపు నిర్ణయాలను కంట్రోలర్‌కు అప్పగించారు. ఈ రెండింటి సంభాషణకు 2009లో క్యాప్‌వ్యాప్ అనే ఉమ్మడి నియమావళి ఏర్పడి, ఆజ్ఞలకు 5246, సమాచారానికి 5247 అనే పోర్టు సంఖ్యలను కేటాయించింది.

అయితే కంట్రోలర్ తీర్చవలసిన అసలు ప్రశ్న వేరే ఉంది: గాలిలో ప్రయాణించిన సమాచారం తీగలోకి ఎక్కడ దిగాలి? చాంట్రీ సంప్రదాయపు కంట్రోలర్లలో ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబుకే టోపాలజీ అని పేరు. 1847లో లిస్టింగ్ అనే జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు ఆకృతుల అమరికను చెప్పడానికి పుస్తకానికెక్కించిన ఈ మాట, ఇక్కడ ఒక దారికి పెట్టిన పేరైంది. సమాచారం యాక్సెస్ పాయింట్ దగ్గరే తీగలోకి దిగవచ్చు. లేదా మరో మూటలో చుట్టి పంపే సొరంగ మార్గాన కంట్రోలర్ వరకు వచ్చి, అక్కడి వీలాన్‌లో, అంటే ఒకే తీగ మీద వేరుగా నడిచే ఉపజాలంలో, కలవవచ్చు. కాకుంటే కంట్రోలరే రూటరై దాన్ని ముందుకు పంపవచ్చు. దూరపు శాఖా కార్యాలయానికి మొదటి దారే మేలు, ఎందుకంటే రెండో దారి ఎంచుకుంటే పక్క బల్ల మీది ప్రింటరుకు పంపిన కాగితం కూడా ప్రధాన కార్యాలయం దాకా వెళ్లి తిరిగి రావాలి. అతిథుల సమాచారాన్ని మాత్రం కంట్రోలర్ దాకా రప్పించి వేరుచేయడమే క్షేమం.

ఈ దారులను కమాండ్ లైన్‌లో, అంటే బొమ్మలూ బటన్లూ లేకుండా ఆజ్ఞలను అక్షరాలలో టైపు చేసే తెర మీద, నిర్మించేటప్పుడు క్రమం తప్పకూడదు: ముందు టోపాలజీకి పేరు పెట్టి, దాని రకాన్నీ వీలాన్ సంఖ్యనూ చెప్పి, ఆ తరువాతే దాన్ని వైఫై సేవకు జోడించాలి. వీలాన్ సంఖ్యకు 12 బిట్లే ఉన్నందున, రెండు చివరలూ మినహాయించగా 1 నుంచి 4094 వరకే వాడుకోవచ్చు. ఆ సంఖ్యను ఎదుటి స్విచ్ పోర్టు, అంటే తీగ అవతలి కొస తగిలే చోటు, కూడా మోయకపోతే, ఫోనులో సిగ్నల్ నిండుగా కనిపిస్తూనే ఉంటుంది, ఐపీ చిరునామా మాత్రం రాదు; వైఫైలో లేని దోషాన్ని వైఫైలోనే వెతికించే చిక్కు ఇది.

ఇంతకన్నా ప్రమాదకరమైనది నిర్వహణకు వాడే టోపాలజీని మార్చడం. 1995లో ఫిన్‌లాండ్‌లో తాతు యిలోనెన్ రూపొందించిన ఎస్‌ఎస్‌హెచ్ అనే రహస్య మార్గం ద్వారా దూరం నుంచి ఆజ్ఞలిస్తున్న ఇంజినీరు, తాను వచ్చిన దారి చిరునామానే మార్చితే, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టు ఆ క్షణమే సంబంధం తెగి బయటే ఉండిపోతాడు. అప్పుడు ఆదుకునేది నెట్‌వర్క్‌తో నిమిత్తం లేని సీరియల్ కన్సోల్ పోర్టు; అందుకే ఆ పోర్టుకు తగిలించే తీగను సిద్ధంగా ఉంచుకోకుండా నిర్వహణ దారి జోలికి వెళ్లకూడదు. కంట్రోలర్ పెట్టె రూపం వదిలి సర్వర్లలోకీ క్లౌడ్‌లోకీ సాఫ్ట్‌వేర్‌గా మారుతున్న నేడు కూడా, సమాచారం యాక్సెస్ పాయింట్ దగ్గరే తీగలోకి దిగేటట్టయితే, అది తగిలించిన స్విచ్ పోర్టు మీద టోపాలజీ వీలాన్ సంఖ్యను ఎవరో ఒకరు రాయవలసే ఉంది.