పండ్రెండు మెట్ల కిన్నెర

ప్రొద్దు పొడుచువేళ వాకిట కల్లాపి చల్లుచుండగా వీధి మలుపునుండి హరిదాసు చిడుతల చప్పుడు వినవచ్చినచో చేటలో గుప్పెడు బియ్యముతో గడప దాటని యిల్లాలు మన పెద్దలలో లేదు. ఆ గుప్పెడు గింజలే యెన్నో పాటలను బ్రతికించినవి. పాలమూరు సీమలో నట్లు బ్రతికిన కిన్నెరపాటను గూర్చి నేడు కొంచెము ముచ్చటింపదలచితిమి.

నాగరుకర్నూలు జిల్లా లింగాల మండలమున అవుసలికుంట యను గ్రామము గలదు. 2016 వరకు నిదియంతయు మహబూబునగరు జిల్లాయే. దర్శనం మొగులయ్యగారి దా యూరు. వారు డక్కలి కులస్థులు. మాదిగవారి యిండ్లకేగి, వారి కులపురాణమును పాడి, వారిచ్చిన దానితో జీవించుట డక్కలివారి పూర్వాచారము. తాతతండ్రులనుండి మొగులయ్యగారికి వచ్చిన యాస్తి కిన్నెర.

ఈ వాద్యమును చూచినచో మన యింటి వస్తువులే కానవచ్చును. వెదురుబొంగు, ఎండిన సొరబుర్రలు, మైనము, తీగెలు. పెరటిలో ముదిరిపోయినదని మనము పారవైచు సొరకాయయే యిచట నాదమునకు నెలవు. బొంగుమీద పండ్రెండు మెట్లను మైనముతో నిలుపుదురు. ఒక చేతి వ్రేళ్లు మెట్లపై నడచుచుండగా రెండవచేయి తీగెను మీటును. దానికి తోడుగా మొగులయ్యగారి గొంతు. వారెక్కువగా పాడినది పండుగ సాయన్న కథ. కలవారిని కొట్టి లేనివారికి పెట్టినవాడని పాలమూరు ప్రజలు నేటికిని తలచుకొను వీరుడాతడు.

సినిమా పుణ్యమా యని యీ గొంతు లోకమునకు తెలిసినది. అంతకుముందే, 2015 లో, తెలంగాణ ప్రభుత్వము ఉగాది పురస్కార మిచ్చెను; ఎనిమిదవ తరగతి పాఠ్యపుస్తకమున వారి కళకు చోటు దొరకెను. కాని 2021 సెప్టెంబరు 2 వ తేదీన 'భీమ్లా నాయక్' చిత్రగీతము వెలువడినపుడు గాని, ఆ కిన్నెరమోతయు, పాలమూరి పలుకును ఊరూర వినబడలేదు. మరునాలుగు నెలలకే పద్మశ్రీ బిరుదము ప్రకటింపబడెను. రాష్ట్రప్రభుత్వము కోటి రూపాయలును ఇంటిస్థలమును ఇత్తుమని చెప్పెను.

సొంత పలుకును దిద్దుకొనక పాడుట యన్నపుడు మాకు ఐర్లండు దేశపు గాయని యొకామె జ్ఞప్తికి వచ్చుచున్నది. లిమరిక్ పట్టణములో 1989 లో యువకులు కొందరు కూర్చిన 'క్రాన్‌బెర్రీస్' మేళమున మరుసటియేడు చేరిన డొలోరెస్ ఓ రియోర్డన్ తన యైరిషు యాసతోనే పాడి ప్రపంచమును మెప్పించెను. 1993 లో ఇంగ్లండులో బాంబులకు బలియైన యిద్దరు పసివారిని తలచుకొని యామె వ్రాసిన 'జాంబీ' పాట మరుసటియేడు వెలువడి దేశదేశముల మ్రోగెను. 2018 జనవరిలో ఆమె మరణించినది. 2019 లో చివరి పాటలను వెలువరించి మేళమువారు విరమించిరి.

మొగులయ్యగారి కథ యింకొక దారి పట్టెను. 2024 మే నెలలో వారు హైదరాబాదు చెంత తుర్కయంజాలున కట్టడపు పనిలో దినకూలి చేయుచున్న చిత్రములు పత్రికలలో వచ్చెను. నెలనెల రావలసిన గౌరవవేతనము నిలిచినదనియు, వచ్చిన ధనము పిల్లల పెండ్లిండ్లకును, మొదలుపెట్టి సగములో నాగిన యింటికిని వెచ్చమైనదనియు వారు చెప్పిరి. కోటి వచ్చినవాడు కూలికేల పోయెనని యాక్షేపించిన వారిని మేము నెరుగుదుము. వారెన్నడును ఇంటి పద్దు వ్రాసియుండరు. తరతరములుగా సెంటు భూమి లేని కుటుంబమున పెండ్లిండ్లు, వైద్యము, గోడలు, కప్పు అన్నియు నొక్కసారిగా వచ్చి మీద పడినపుడు ఆ సొమ్మెంతకాలము నిలుచునో ఇల్లాండ్రకు వేరుగ చెప్పవలెనా? పని యడిగినచోట్ల పద్మశ్రీ వచ్చినదని మర్యాదగా త్రిప్పి పంపినవారును గలరట!

ఆ గోల పుట్టిన పిదప హయాతునగరున 600 గజముల స్థలమును అధికారులు వారికప్పగించిరి. స్థలము సరియే. ఆ పండ్రెండు మెట్లమీద వ్రేళ్లు నడపనేర్చు పిల్లవాని కెవరేమి యిత్తురు? పూర్వపు చేటెడు గింజలును ఇపుడు లేవు గదా!