విడిచిపోయిన పెట్టె

పట్టణములలో సొంతయిల్లుగల కుటుంబములు వీథిగదినో, మేడమీది గదినో విద్యార్థులకును, ఒంటరిగా నుండు నుద్యోగులకును అద్దెకిచ్చుట వాడుక. ఆ యద్దె యింటిఖర్చులకు కొంత ఆసరా యగును. కాని గదిలో నున్నవాడు చెప్పక వెళ్లిపోయి, సామానును బాకీలను విడిచినచో నేమి చేయవలెను? ఈ చిక్కు తఱచుగా నిల్లాలిమీదనే పడును. పగటివేళ గుమ్మములో కనబడునది యామెయే. వచ్చినవారు అడుగునదియు నామెనే.

మా వీథిగదిలో రెండేండ్లు అద్దెకుండిన యొక యువకుడు, ఊరికి పోయి వారములో వచ్చెదనని చెప్పి వెళ్లి, మరల రాలేదు. రెండు నెలల యద్దెయు, కరెంటు బిల్లును నిలిచిపోయెను. ఫోనుచేసినను పలుకలేదు. నెల తిరుగకముందే పాలవాడును, కిరాణాకొట్టు యజమానియు మా గడపకు వచ్చిరి. “మీ ఇంట్లో ఉన్నాడని నమ్మి పోశానమ్మా” అని పాలవాని మాట. గదిలో మిగిలినవి తాళమువేసిన ఇనుపపెట్టె, పరుపు, బల్లపంకా, ఒక పుస్తకముల కట్ట. “పంకా అమ్మి అద్దెక్రింద జమకట్టుకోండి, పుస్తకాలు తూకానికి వెయ్యండి” అని యిరుగుపొరుగువారు సలహాయిచ్చిరి. కోపములో మాకును అదియే న్యాయమని తోచినది.

ఐనను బంధువులలో నొక వకీలుగారిని అడిగితిమి. వారు చెప్పినదాని సారము ఒక్కటే: పెట్టె వేఱు, బాకీ వేఱు.

1872వ సంవత్సరపు కంట్రాక్టు చట్టము, 171వ సెక్షనులో, తమయొద్దనున్న పరుల సొత్తును మొత్తము బాకీకై నిలుపుకొను హక్కును బ్యాంకులవారు మొదలగు కొన్ని వృత్తులవారికే యిచ్చినది. ఇతరులకు ఆ హక్కు ఒప్పందములో స్పష్టముగా వ్రాసికొన్ననే కలుగును. ఆ వృత్తులలో నిల్లు అద్దెకిచ్చువారు లేరు. పరుల సొత్తును దురుద్దేశముతో సొంతమునకు వాడుకొనుట నేరమని 2023వ సంవత్సరపు భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను చెప్పుచున్నది. కోపములో చేసిన యమ్మకము మనమీదికే ఫిర్యాదు కావచ్చును.

మన పూర్వులును ఈ రెంటిని వేఱుగనే యెంచిరి. మనుస్మృతి చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము. లోపల నేమున్నదో చెప్పక యొక పాత్రలో నుంచి పరులచేతి కిచ్చిన సొత్తును యాజ్ఞవల్క్యస్మృతి ఉపనిధి యన్నది. అది ఉన్నది ఉన్నట్లే తిరిగి యీయవలెను. కాని రాజువలనగాని, దైవమువలనగాని, దొంగలవలనగాని పోయినచో నీయ నక్కఱలేదు. ఇతరులు అప్పగించిన సొత్తును, సామాన్యవివేకము గలవారు తమ సొత్తును కాపాడుకొనునట్లు కాపాడిన చాలునని నేటి కంట్రాక్టు చట్టమును 151, 152 సెక్షనులలో చెప్పుచున్నది. మాకు వాని పెట్టె నెవరును అప్పగింపలేదు. ఐనను అంత జాగ్రత్త పడుటయే క్షేమమని వకీలుగారు చెప్పిరి.

తరువాత మేము చేసినది యిది. ఇంటివారు కాని యిరువురను పిలిచి, వారి యెదుట సామానునకు జాబితా వ్రాసి, ఫోటోలు తీసి, వారిచే సంతకములు చేయించితిమి. పెట్టె తాళమును ముట్టలేదు. చెడిపోవు తినుబండారములను మాత్రము పారవైచి, ఆ సంగతియు జాబితాలో వ్రాసితిమి. తక్కినవి చెదపట్టని చోట నెత్తుమీద పెట్టించితిమి. పిమ్మట గదిలో చేరునాడు ఆ యువకుడు వ్రాసియిచ్చిన సొంతయూరి చిరునామాకు స్పీడుపోస్టులో ఉత్తరము పంపితిమి. అందు సామాను జాబితా, బాకీ లెక్క, వచ్చి తీసికొనుటకు ముప్పది దినముల గడువు వ్రాసి, నకలును రసీదును దాచితిమి.

అడ్వాన్సు పుచ్చుకొన్నవారు మొదట బాకీని అందులో సరిపెట్టి, మిగిలినది తిరిగి యీయవలెను. చాలనిచో న్యాయస్థానమున దావా వేయవచ్చును. అద్దెబాకీకి 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము మూడేండ్ల గడువు పెట్టినది.

ఇక పాలవాని సంగతి. మనము పూచీపడని బాకీ మనది కాదు. కాని 126వ సెక్షను ప్రకారము పూచీ నోటిమాటగానైనను చెల్లును. “వానికి ఇయ్యి, నేను చూచుకొందును” అని గుమ్మములో నిలిచి యన్న మాట మనమీదికి రాగలదు. మేమట్లు అనలేదు, కావున ఇచ్చుకొనలేదు. వాని యూరి చిరునామా మాత్రము పాలవానికి చెప్పితిమి.

ఉత్తరము పోయిన మూడవ వారమున ఆ యువకుని తల్లి వచ్చెను. తండ్రికి పక్షవాతము వచ్చినదట. కుఱ్ఱవాడు ఆసుపత్రిలో నుండి కదలలేదట. అప్పులవారికి జడిసి ఫోను ఎత్తలేదట. ఆమె పుస్తకముల కట్ట విప్పి, ఒక లావుపాటి పుస్తకమునడుమ నుండి వాని పదవతరగతి, డిగ్రీ సర్టిఫికెట్లు తీసి కండ్ల కద్దుకొనెను. మేము తూకమునకు వేయదలచిన కట్ట యదియే.

ఆమె ముందుగా పాలవాని బాకీయు, కిరాణా బాకీయు తీర్చి, మాకొక నెల యద్దెయిచ్చెను. జాబితాక్రింద సామాను ముట్టినదని సంతకము చేయించుకొని యన్నియు నప్పగించితిమి. రెండవ నెల యద్దె నేటికిని రాలేదు. అందులకై పెట్టె నాపియుండవలసినదని మాకెన్నడును తోచలేదు.

ఇప్పుడు గది యిచ్చునాడే కాగితము వ్రాయించుకొనుచున్నాము. అందు సొంతయూరి చిరునామా, ఇంటిపెద్ద ఫోను నంబరు, అడ్వాన్సు లెక్క, విడిచిపోయిన సామాను నెన్నినాళ్లు ఉంచెదమో, ఎవరికి అప్పగింపవలెనో యుండును. పాలవానికిని కొట్టువానికిని వారి ఖాతాతో మాకు సంబంధము లేదని ముందే చెప్పుచున్నాము. మొదటినాడు ఈ మాటలాడుట కొంత మొగమోటముగ నుండును. కాని కడపటినాటి కలహముకంటె నది మేలు.