గట్టు అందని చోట

ఎండాకాలం సెలవులొస్తే రాయ్‌పూర్‌లో స్విమ్మింగ్ పూల్ దగ్గర పిల్లల కంటే తల్లిదండ్రుల హడావుడే ఎక్కువ. నగరంలోని మోవా నుంచి స్కూటీ మీద ఒకణ్ని ముందు నిలబెట్టుకుని, ఇంకొకర్ని వెనక కూర్చోబెట్టుకుని వచ్చేవాళ్లలో తెలుగిళ్లవాళ్లూ కనిపిస్తారు. రైల్వే కొలువులకని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే వేళ్లూనుకున్న కుటుంబాలు ఈ ఊళ్లో తక్కువేం కాదు. నెల తిరిగేసరికి సొంతూళ్లో ఉన్న అమ్మమ్మ ఫోనుకు వీడియో వెళ్తుంది. మనవడు ఈ చివర నుంచి ఆ చివరికి ఈదేస్తున్నాడు!

ఈదుతున్నాడు, నిజమే. మధ్యలో ఆగమంటే ఆగగలడా?

పూల్‌లో ఆ అవసరం రాదు. పిల్లలు ఈదే వైపు నాలుగడుగుల లోతే, కాలు కిందపెడితే నేల, చెయ్యి చాపితే గోడ. కానీ రాయ్‌పూర్ చెరువుల ఊరు. 1877 ప్రాంతంలో కుటుంబంతో ఇక్కడికొచ్చి రెండేళ్లున్న నరేంద్రుడి పేరు, అంటే వివేకానందుడి పేరు, ఇప్పుడు బూఢా తాలాబ్‌కు ఉంది. తేలీబాంధా చెరువు ఉంది. ఖారూన్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్‌లో కార్తీక పున్నమికి జాతరే జరుగుతుంది. పాచి పట్టిన మెట్టు మీద కాలు జారితే తర్వాతి అడుగుకి నేల ఉంటుందో లేదో తెలియదు. అక్కడ పనికొచ్చేది వేగం కాదు, ఉన్నచోటే తల పైకి పెట్టుకుని నిలవగలగడం. మన సమ్మర్ క్యాంపుల్లో ఈ నిలువీతను చివరి వారానికి తోసేస్తారు, లేదా అసలే వదిలేస్తారు. ఫ్రీస్టైల్ కంటే ముందు నేర్పాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

కొత్తవాడు ఎక్కడ తడబడతాడో లోతు వైపు నిలబడి చూస్తే తెలుస్తుంది. గోడ వదలగానే భుజాలు చెవులదాకా లేస్తాయి. పళ్లు బిగుస్తాయి. ఛాతీ దాకా నీటిపైకి రావాలని చేతుల్తో నీళ్లను కిందికి బాదుతాడు, కాళ్లతో సైకిల్ తొక్కుతాడు. కాసేపటికే ఆయాసం. నిజానికి నీటిపైన ఉండాల్సింది నోరూ ముక్కూ మాత్రమే. గుండెల నిండా గాలి పీల్చి కదలకుండా ఉంటే చాలామంది నడినెత్తి దాకా తేలుతూనే ఉంటారు. మిగిలిన ఆ కాస్త ఎత్తుకే శ్రమ. ఒక చెయ్యి పైకెత్తి చూడండి, వెంటనే కిందికి దిగిపోతారు. గాల్లో ఉన్న చేతిని నీరు మోయదు, ఆ బరువంతా మనమీదే పడుతుంది.

శ్రీకాకుళం తాత పక్కనుంటే ‘ఎగబడకురా, నీట్లో కూకో’ అనేస్తాడు. వాటర్ పోలో ఆటగాళ్లు చేసేదీ అదే. వెన్ను నిటారుగా పెట్టి, కుర్చీలో కూర్చున్నట్టు తొడలు ముందుకు, మోకాళ్లు ఎడంగా ఉంచి, పిక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి గుండ్రంగా తిప్పుతారు. కుడికాలు ఒకవైపు తిరిగితే ఎడమకాలు ఎదురువైపు. ఎగ్‌బీటర్ కిక్ అంటారు. ఎప్పుడూ ఒక కాలు నీటిని నొక్కుతూనే ఉంటుంది గనక మనిషి కిందికీ పైకీ ఊగడు. అది కుదిరేదాకా కప్పలా రెండు కాళ్లూ కలిపి తన్నినా చాలు. చేతులు నీటి అడుగునే అడ్డంగా కదలాలి. బయటికి వెళ్లేటప్పుడు బొటనవేలు కిందికి, లోపలికి వచ్చేటప్పుడు పైకి వాలితే ఆ ఏటవాలు అరచేయే మనిషిని లేపుతుంది. ఊపిరి బిగబట్టకూడదు. ఇదంతా కోచ్ పక్కన ఉండగా, ముందు ఒక చెయ్యి గట్టు మీదే ఉంచి నేర్చుకోవాల్సింది. చెరువులో ఒంటరిగా ప్రయత్నించేది కాదు.

మునిగిపోయేవాడు కేకలు వేస్తాడనేది సినిమా సంగతి. అమెరికన్ లైఫ్‌గార్డ్ ఫ్రాంక్ పియా గమనించి చెప్పింది వేరు. మునుగుతున్న మనిషి అరవలేడు, చెయ్యి ఊపలేడు. చేతులు పక్కలకు చాచి నీటిని అదుముతూ, 20 నుంచి 60 సెకన్లలో అలాగే దిగిపోతాడు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో నీట మునిగి చనిపోయినవారు 38 వేలకు పైమాటే.

నలభై దాటాక ఈత నేర్చుకున్న మన తెలుగావిడ గోలి శ్యామల 2021 మార్చిలో పాక్ జలసంధిని దాటారు. దాదాపు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాలు. ఇలాంటి సముద్రపు ఈతల్లో ఓ నియమం ఉంటుంది. వెంట వచ్చే పడవను ముట్టుకోకూడదు. దాహమేసినా, ఆకలేసినా అందించింది నీళ్లలోనే తేలుతూ తీసుకోవాలి. అంత దూరం ఈదేవాళ్లకూ ఆగడం రావాల్సిందే.

అమెరికన్ రెడ్‌క్రాస్ ఈత వచ్చిందని ఒప్పుకోవడానికి 25 గజాలు ఈదితే సరిపోదంటుంది. తల మునిగే లోతులోకి దిగి, పైకి తేలి, ఒక నిమిషం ఉన్నచోటే నిలవాలి. కాలువల దేశం నెదర్లాండ్స్‌లో అయితే పిల్లలు మొదటి ఈత డిప్లొమాకే బట్టలతో, బూట్లతో నీళ్లలోకి దిగి నిలువీత చూపించాలి. తడిసిన చొక్కా ఎంత బరువో వాళ్లకు అప్పుడే తెలుస్తుంది. ఈ వేసవికి ఫీజు కట్టేముందు కోచ్‌ని ఒక్కమాట అడగండి: మావాణ్ని లోతు వైపు నిమిషం సేపు నిలబెట్టేది ఎన్నో రోజున?